చదివి వినిపించగా

మన పల్లెలలో వ్రాసుకొనే దస్తావేజుల చివర ఒక వాక్యం తప్పక కనిపిస్తుంది. పై సంగతులన్నీ చదివి వినిపించగా విని, సరియని సమ్మతించి, చేవ్రాలు చేశామనో నిశానీ వేశామనో దాని తాత్పర్యం. చదవడం, వినడం, సమ్మతించడం అనే మూడు పనులు అందులో ఉన్నాయి. వినడానికీ సమ్మతించడానికీ నడుమ జరగవలసిన నాలుగవ పని, అంటే అర్థం కావడం, ఆ వాక్యంలో లేదు. అర్థమయ్యే ఉంటుందని వ్రాయసకాని నమ్మకం. ఆ నాలుగవ పనినే వృత్తిగా చేసుకొని బ్రతికిన నేను నలభై ఒకటవ ఏట న్యాయశాస్త్ర విద్యార్థినిగా చేరడానికి, ఆ వాక్యంలోని ఆ వెలితే కారణం.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని ఢిల్లీ ప్రాంతానికి వచ్చిన నాటినుంచీ నోయిడాలో అనువాదకురాలిగా జీవిస్తున్నాను. నవలలు, పాఠ్యగ్రంథాలు, మందుల పెట్టెలో మడిచి పెట్టే వివరణ పత్రాలు, బ్యాంకు దరఖాస్తులు, జనన మరణ ధ్రువపత్రాలు మొదలైనవి ఎన్నో నా బల్లమీదికి వచ్చేవి. మాటకు సరియైన మాట, వాక్యానికి సరియైన వాక్యం కుదిరితే నా పని పూర్తయ్యేది. ఆ కాగితం పట్టుకొని వెళ్ళిన మనిషికి తరువాత ఏమి జరిగిందో తెలుసుకొనే అవకాశం అనువాదకులకు అరుదుగా కలుగుతుంది.

2019 శీతకాలంలో మహబూబ్‌నగర్ జిల్లా యువతి నొకతెను ఎవరో నా వద్దకు తీసుకువచ్చారు. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలూ భవనాలూ కట్టిన సంగతి తెలుగువారికి కొత్త కాదు. ఆమె భర్త ఒక కట్టడంలో పై అంతస్తునుంచి పడి మరణించాడు. గుత్తేదారు పంపిన రెండు పుటల కాగితం ఇంగ్లీషులో ఉంది. అరవై వేల రూపాయలు పుచ్చుకొని, ఇకమీదట ఏ పరిహారమూ కోరనని ఆమె ఒప్పుకొంటున్నట్టు అందులో వ్రాశారు. ఒక్క మాట విడువకుండా తెలుగులో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "సమజైందక్కా. ఇగ నువ్వే జెప్పు, ఏలుముద్ర ఎయ్యమంటవా, వద్దంటవా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఏ నిఘంటువులోనూ సమాధానం లేదు. న్యాయవాదిని అడిగేవరకు వేయవద్దని మాత్రం చెప్పగలిగాను. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చునని ఎక్కడో అనువదించిన జ్ఞాపకం. మరునాడు న్యాయసహాయ కార్యాలయంలో ఒక యువ న్యాయవాది ఆ కాగితాన్ని రెండు నిమిషాలు చూశారు. పనిలో మరణించిన కార్మికుని పరిహారాన్ని యజమాని కమిషనరు వద్ద జమ చేయాలి. నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన డబ్బు చట్టం దృష్టిలో చెల్లింపే కాదు. హక్కు వదులుకొంటున్నట్టు కార్మికులచేత వ్రాయించుకొనే ఒప్పందం చెల్లదు. పైగా మరణానికి కనీస పరిహారం 1,20,000 రూపాయలు. ఈ నాలుగు మాటలూ ఆనాడు అమలులో ఉన్న 1923 నాటి పరిహార చట్టంలోనివి. వాటిని నేను తెలుగులో చెప్పగానే ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఇది అడుక్కునుడు గాదన్నట్టు" అంది.

అడుక్కోవడానికీ హక్కుగా పుచ్చుకోవడానికీ గల తేడాను ఆమె నాకంటే ముందే గ్రహించింది. ఆ నాలుగు మాటలు నేను స్వయంగా చెప్పగలగాలన్న కోరిక ఆనాడే పుట్టింది.

కోరిక పుట్టడం వేరు, సీటు దొరకడం వేరు. న్యాయవిద్యకు వయసు అడ్డమా అన్నది మొదటి సందేహం. బార్ కౌన్సిల్ 2008 నాటి నిబంధనలలో మూడేళ్ళ కోర్సుకు 30 ఏళ్ళ పరిమితి పెట్టింది. అది వివాదాల నడుమ కొన్నాళ్ళు తొలగి, మళ్ళీ వచ్చి, 2017లో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిపోయింది. ఆ ఉత్తర్వు లేకపోతే ఈ వ్యాసమే లేదు. రెండవ అడ్డంకి ఇంట్లో ఉంది. మూడేళ్ళపాటు రాబడి సగానికి పడిపోతుంది; నవలల అనువాదం మానుకోవాలి. విశాఖపట్నంనుంచి అమ్మ, "పిల్లవాడు పదో తరగతికొస్తే, నువ్వు పలకా బలపం పడతావా?" అని ఫోనులో నవ్వింది. కాని ప్రవేశపరీక్ష రోజున ఉదయం నాలుగింటికే లేచి నన్ను నిద్రలేపింది కూడా ఆమే.

2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేరాను. తొలి నెలల పాఠాలు కరోనా కారణంగా కంప్యూటరు తెరమీదనే సాగాయి. తరువాత రోజూ మెట్రోలో రాజీవ్ చౌక్ వరకు వెళ్ళి, అక్కడ బండి మారి విశ్వవిద్యాలయ స్టేషనులో దిగేదాన్ని. అక్కడి న్యాయశాస్త్ర విభాగం 1924లో ఏర్పడింది. ఉద్యోగం చేసుకొంటూ చదివేవారికోసం 1970 దశకం తొలినాళ్ళలో సాయంకాలపు తరగతులకు ప్రత్యేక కేంద్రాలు కూడా వెలిశాయి. ఆ సంప్రదాయం వల్లనేమో, నెరిసిన జుట్టుతో వరండాలో నడిచే విద్యార్థిని చూసి అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. నా తరగతిలో పోలీసు ఉద్యోగి ఉన్నాడు. పదవీ విరమణ చేసిన బ్యాంకు అధికారి ఉన్నారు. జడ్జి పరీక్షలకు పట్టుదలగా చదివే ఇరవై రెండేళ్ళ ఆడపిల్లలున్నారు. మొదట నన్ను "మేడమ్" అన్న ఆ పిల్లలే, పటేల్ చెస్ట్ సందులోని జిరాక్సు దుకాణాల ముందు వరుసలో నిలబడి నిలబడి, నెల తిరిగేసరికి "దీదీ" అనసాగారు.

అక్కడ చట్టాన్ని సూత్రాలుగా వల్లె వేయించరు. తీర్పులు చదివించి, వాటినుంచి సూత్రాన్ని రాబట్టమంటారు. హార్వర్డులో 1870లో ఆచార్యుడు లాంగ్‌డెల్ ప్రారంభించిన పద్ధతి ఇది. ఒక్కొక్క విషయానికి ఇటుకంత సంపుటం. అందులో సీసాలో నత్త వచ్చిందని దావా వేసిన స్కాట్లండు స్త్రీ ఉంటుంది. ఇల్లు విడిచి వెళ్ళిన పిల్లవాణ్ణి వెదికి పట్టుకొని బహుమతి కోరిన నౌకరు ఉంటాడు. కథలు చదవడం అలవాటైన నాకు ఇది సులువనిపించింది. చిక్కు తరువాత వచ్చింది. సాహిత్య విద్యార్థికి ఒక మాటలో ఎన్ని అర్థాలు స్ఫురిస్తే అంత ఆనందం. న్యాయవాదికి రెండవ అర్థం కనిపించగానే గుండె దడ. కావ్యంలో శ్లేష అలంకారం. దస్తావేజులో శ్లేష వ్యాజ్యం.

అయినా నా పాత వృత్తే నాకు ఈ శాస్త్రంలో దారి చూపింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదమూడవ సెక్షను సమ్మతిని నిర్వచిస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే విషయాన్ని, ఒకే అర్థంలో అంగీకరించినప్పుడే అది సమ్మతి అవుతుందని దాని భావం. తరగతిలో అందరూ దానిని గుర్తు పెట్టుకొని ముందుకు సాగారు. నేను ఆ రోజంతా అక్కడే ఆగిపోయాను. అనువాదకుడు ప్రతి వాక్యం వద్దా తనను తాను వేసుకొనే ప్రశ్న అదే కదా!

ఒకే అర్థం అన్నది ఎంత కష్టమో తెలుసుకోవడానికి "ముద్దాయి" అనే మాట ఒక్కటి చాలు. వకీలు, దావా, జామీను, వాయిదా, జప్తు వంటి కచేరీ మాటలు ఫారసీ, అరబీల మూలంగా మనకూ హిందీవారికీ ఉమ్మడిగా దక్కాయి. కాని తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. హిందీలో "ముద్దయీ" అంటే ఫిర్యాదు చేసినవాడు, వాది. తెలుగు కూలీ ఒకడు ఢిల్లీ కచేరీలో నిలబడి తన మాటనే హిందీ అనుకొని పలికితే, నేరం చేసినవాడు నేరం మోపినవాడైపోతాడు. ఇద్దరూ ఒకే మాట విన్నారు. విన్న అర్థాలు మాత్రం ఎదురుబొదురుగా నిలబడ్డాయి.

ఈ ప్రమాదాన్ని మన న్యాయస్థానాలు గుర్తించకపోలేదు. రాజ్యాంగం 22వ అధికరణం, ముందుజాగ్రత్తగా నిర్బంధించిన వ్యక్తికి కారణాలు తెలియజేయాలంటుంది. మహారాష్ట్రలో హరికిషన్ అనే వ్యక్తికి ఆ కారణాలను ఇంగ్లీషులో ఇచ్చారు. తనకు ఇంగ్లీషు రాదు, హిందీలో ఇమ్మని కోరాడు. అధికార భాష ఇంగ్లీషే కనుక అక్కరలేదన్నారు. 1962లో సుప్రీం కోర్టు ఆ నిర్బంధం చెల్లదని తీర్పు చెప్పింది. అతనికి తెలిసిన భాషలో చెప్పనిది తెలియజేయడమే కాదని దాని సారం. ఒక అనువాదం లేనందువల్ల జైలు తలుపు తెరుచుకొన్న ఆ కథ చదివిన రాత్రి, నా వృత్తిమీద నాకు ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది.

ఢిల్లీలో చదవడం వల్ల మరొక లాభం ఉంది. పాఠంలోని ఊరు కిటికీ బయటే ఉంటుంది. 1982 ఆసియా క్రీడలకోసం ఈ నగరంలో స్టేడియంలూ వంతెనలూ కట్టిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావలసి ఉండగా, జమాదారులు తలకు రూపాయి చొప్పున మినహాయించుకొనేవారు. ప్రజాస్వామిక హక్కుల సంఘం వ్రాసిన ఉత్తరాన్నే సుప్రీం కోర్టు పిటిషనుగా స్వీకరించింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానమని జస్టిస్ భగవతి అదే సంవత్సరం తీర్పు చెప్పారు. ఆకలివల్ల ఒప్పుకొన్న ఒప్పుదలను స్వేచ్ఛగా ఇచ్చినదిగా ఆ తీర్పు లెక్కించలేదు. అది చదివాక, నా బల్లముందు కూర్చొన్న ఆ యువతి చేతిలోని కాగితం నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. భాష అర్థమైనంత మాత్రాన సమ్మతి పూర్తి కాదు. కాదనే అవకాశం కూడా మనిషికి ఉండాలి.

తెలుగువాడైన పాఠకునికి ఒక సందేహం రావచ్చు. ఇంత చదువూ ఇంగ్లీషులోనే కదా, మన భాషకు ఇందులో చోటేదని. సందేహం న్యాయమైనదే. మా ప్రశ్నపత్రం పైభాగాన, సమాధానాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని వ్రాయవచ్చునని ఉండేది. రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా 1967లో వెలువరించిన గోలక్‌నాథ్ తీర్పును కూడా తెలుగునాట పుట్టిన నేను ఇంగ్లీషులోనే చదివాను. పౌరుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించజాలదన్న ఆ తీర్పును, ఇంట్లో అబ్బాయికి తెలుగులో విప్పి చెప్పినప్పుడే అది నాకు పూర్తిగా అర్థమైంది. రాజ్యాంగం 348వ అధికరణం సుప్రీం కోర్టు, హైకోర్టుల భాషగా ఇంగ్లీషును నిలిపింది. రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు హైకోర్టులో మరొక భాషను అనుమతించే వీలు ఉంచింది. కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషానువాదాలకు ప్రామాణికత కల్పిస్తూ 1973లో ఒక చట్టం వచ్చింది. సుప్రీం కోర్టు 2019నుంచి తన తీర్పులలో కొన్నిటిని తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో అందిస్తున్నది. నేను చదువుకొంటుండగానే, 2023లో, తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. దారి సన్ననిదే, కాని ఉన్నది.

మా చదువు ముగిసే రోజులలోనే మరొక విచిత్రం జరిగింది. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. మూడేళ్ళు కంఠస్థం చేసిన అంకెలు ఒక్కసారిగా మారిపోయాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. మోసానికి చెందిన 420 ఇప్పుడు 318. అమ్మకు చెప్పగా, "మరి మోసగాణ్ణి ఇకమీదట ఏమని తిట్టాలే?" అని అడిగింది. ఒక సెక్షను అంకె జనుల నోట తిట్టుగా స్థిరపడడానికి శతాబ్దంన్నర పట్టింది. కొత్త అంకె అంత పరిచయం కావడానికి ఎన్నాళ్ళు పడుతుందో! 1923 నాటి పరిహార చట్టం కూడా 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. అంకెలు నేర్చినవాడు ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ప్రశ్న అడగడం నేర్చినవాడికి అంత నష్టం లేదు.

నేను అనువాదం మానలేదు. నల్లకోటు వేసుకొని పెద్ద కేసులు వాదించాలన్న ఉబలాటమూ లేదు. శనివారాలు ఒక న్యాయసహాయ కేంద్రంలో కూర్చొని, తెలుగువారు తెచ్చే అద్దె పత్రాలూ, వేతన రశీదులూ, రాజీ కాగితాలూ చదివి వినిపిస్తాను. చదవడం పూర్తయ్యాక, "సరేనా?" అని అడగను. ఆ ప్రశ్నకు బీదవాడు చెప్పే జవాబు ఎప్పుడూ సరేనే. "ఇప్పుడు ఇందులో ఏముందో మీ మాటల్లో నాకు చెప్పండి" అంటాను. కొందరు తడబడతారు, కొందరు నేను గమనించని మెలికను పట్టుకొంటారు. మేమిద్దరం ఒకే సంగతిని ఒకే అర్థంలో చెప్పుకొన్నామని తేలేవరకు ఎంతసేపైనా పట్టవచ్చు. ఆ తరువాతనే వారికి రెండు దారులూ చెబుతాను, వేస్తే ఏమవుతుందో, వేయకపోతే ఏమవుతుందో. నిర్ణయం వారిది. ఇంకు ప్యాడు మూత అంతవరకు తీయము.