మిద్దె రాములును ఏ చార్టులో వెతకాలి?

2025 ఫిబ్రవరిలో బెంగళూరు కచేరీలో ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ ‘దేవర’ సినిమాలోని ‘చుట్టమల్లే’ పాటను గాయని శిల్పారావుతో కలిసి తెలుగులో పాడితే మనవాళ్లు పొంగిపోయారు. పొంగిపోవాల్సిందే. అయితే ఆయన అంతటివాడు ఎట్లా అయ్యాడో చూస్తే, సిరిసిల్ల వైపు వాళ్లకు బాగా తెలిసిన దారే కనిపిస్తుంది. 2009లో ఒక్క ఏడాదే మూడు వందలకు పైగా కచేరీలు చేశాడంటారు, అవీ ఎక్కువగా చిన్న చిన్న చోట్ల, గిటారు ఒక్కటే తోడుగా. పెద్ద కంపెనీ ఆల్బమ్ వచ్చింది 2011లో. రికార్డు అమ్ముడవకముందే జనం ఎదుట పాడి జనాన్ని సంపాదించుకున్నాడన్నమాట. వేములవాడ దగ్గరి హన్మాజీపేట ఒగ్గు కథకుడు మిద్దె రాములు సంపాదించుకున్నదీ అట్లాగే. ఆయనను జానపద కళాకారుడని మర్యాదగా ఒక మూలన కూర్చోబెట్టాం. స్టార్ సింగర్ అనవలసిన మనిషి ఆయన.

బ్రిటన్‌లో 1952 నవంబరులో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రికవాళ్లు ఇరవై దాకా రికార్డు షాపులకు ఫోన్ చేసి, ఏ పాట ఎంత అమ్ముడవుతోందో కనుక్కొని, పన్నెండు స్థానాల పట్టిక, అంటే చార్టు, అచ్చువేశారు. షాపులో అమ్ముడైనదే ప్రజాదరణ అన్న లెక్క అక్కడ అట్లా స్థిరపడింది. డోలు దరువు మీద రాత్రంతా దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గు కథ షాపులో దొరికేది కాదు, దాని కొలతలు వేరు. కథ రంజుగా సాగుతుండగా ఎవరో లేచి నోటు చేతిలో పెడతారు. కథకుడు అక్కడే ఆగి, ఇచ్చినాయన పేరు, ఊరు డోలు దరువులో కలిపి దీవెన పాడి, మళ్లీ మల్లన్న కథలోకో ఎల్లమ్మ కథలోకో వచ్చేస్తాడు. ఆ కట్నాలు, మరుసటి ఏడాదికి ముందే ముట్టే బయానా, తెల్లవారేదాకా కదలని జనం, ఇవే అక్కడి చార్టు.

జనం వచ్చింది దేవుడి కోసం గానీ గాయకుడి కోసం కాదు కదా అనవచ్చు. దేవుడి కోసమే అయితే ఏ మేళం వచ్చినా సరిపోవాలి. ఫలానా ఆయనే కావాలని ఊరు పట్టుబట్టిందంటే అది అభిమానమే. జిల్లా దాటని పాటకు ఇంత పేరేమిటనేవాళ్లూ ఉంటారు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లో రాములు ఒగ్గు కథ చెప్పారు. అయినా హద్దులు దాటడం ఒక్కటే గొప్పతనం కాదు. షీరన్‌కు బెంగళూరులో చప్పట్లు పడింది ఎదుటివాళ్ల మాట తన నోటికి తెచ్చుకున్నందుకు. ఒగ్గు కథకుడు ఊరూరా చేసే పని అదే.

ఒక్క తేడా మాత్రం బాధ పెడుతుంది. అదే హన్మాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి రాసినది అచ్చులో ఉంది, జ్ఞానపీఠం దాకా వెళ్లింది. 2010లో కన్నుమూసిన రాములు ఒక రాత్రిలో చెప్పిన కథ మొత్తాన్నీ రెండు నిమిషాల వీడియో ముక్కలు పట్టుకోలేవు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో బీరప్ప పండుగలకు, మల్లన్న పట్నాలకు ఇప్పటికీ కథ చెప్తున్న పెద్దవాళ్లున్నారు. ఈసారి మీ ఊళ్లో కథ పెడితే వాళ్లను అడిగి, మొదటి దరువు నుంచి మంగళహారతి దాకా పూర్తిగా రికార్డు చేయండి. ఇంట్లో పాత క్యాసెట్లుంటే పారేయకండి.