ఎనిమిదో కుర్చీ

అష్టావధానంలో వేదిక మీద ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులం కూర్చుంటాం. గంట కొట్టేవాడికీ నాకూ తప్ప అందరికీ వంతులుంటాయి. సమస్య ఇచ్చినాయన ఒక పాదం పూరణ విన్నాక మళ్ళీ తన ఆవృత్తి వచ్చేదాకా ఆగాలి. నిషిద్ధాక్షరి ఆయన అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు గానీ ఆ అడ్డు కూడా తన వంతులోనే. నాకు వంతు లేదు. నాది అప్రస్తుత ప్రసంగం. అవధాని నాలుగు పద్యాలను సగంలో ఆపి మనసులో మోస్తున్నప్పుడు సెల్‌ఫోను గురించో రాకెట్టు గురించో ఎన్నికల గురించో వరకట్నం గురించో అడిగి ఆయన్ని బయటికి లాగడం నా పని. చమత్కారంగా జవాబు చెప్పి, వదిలిన పాదం దగ్గరికే తిరిగి వెళ్ళడం ఆయన పని.

ముప్పయ్యేళ్ళ పైన ఈ కుర్చీలో కూర్చున్నాను. నేర్చుకుంటానని వచ్చావు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నేను పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తాని. ఒకరోజు ఒకాయన వచ్చి "నా మనియార్డరు నడిచి వస్తోందా?" అని గట్టిగా అడిగాడు. "నడిచే వస్తుందండీ, మా పోస్టుమ్యాన్ సైకిలు పంక్చరయింది" అన్నాను. ఆయన నవ్వేసి బల్ల మీద కూర్చున్నాడు. ఆయన వెనక కవర్ల కోసం నిలబడిన పెద్దమనిషి మా ఊరి హైస్కూలు తెలుగు పండితులు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల అవధానం అంటే అప్రస్తుతానికి ఆయన్నే పిలిచేవాళ్ళు. "సాయంత్రం ఇంటికి రా" అన్నారు. ఆయనే నా గురువు.

మొదటి ఏడాది కుర్చీ లేదు. జనంలో కూర్చుని, అడిగిన ప్రతి ప్రశ్ననూ వచ్చిన ప్రతి జవాబునూ నోటుబుక్కులో రాయాలి. అలా పదకొండు అవధానాలు రాశాను. పుస్తకం తీసుకెళ్ళి చూపిస్తే, ఏ ప్రశ్నకు అడిగినవాడే నవ్వించాడో, ఏ ప్రశ్నకు అవధాని నవ్వించాడో విడివిడిగా గుర్తులు పెట్టమన్నారు. పెట్టాను. అప్పుడు అన్నారు: "నువ్వు నవ్వించకు. ఆయన నవ్వించేలా అడుగు." ఈ పనిలో నేను నేర్చుకున్న మిగతాదంతా ఆ మాటలోంచి పుట్టిందే.

ఎలా అడగాలో చెబుతాను. ప్రశ్న ఒక్క ఊపిరిలో అయిపోవాలి. రెండో ఊపిరి తీసుకున్నావంటే అది ఉపన్యాసం. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న వద్దు. నీ దగ్గర ముందే జవాబున్న పొడుపుకథ అసలే వద్దు. ప్రశ్నలో రెండువైపులా పదునున్న మాట ఒకటి ఉండాలి. దాన్ని మేం కొక్కెం అంటాం. ఇంటర్నెట్టు వచ్చిన కొత్తలో "పిల్లలు నెట్టు లేనిదే అన్నం తినడం లేదు, ఏం చెయ్యాలి?" అని అడిగాను. "మా చిన్నప్పుడు అన్నం తినకపోతే బయటికి నెట్టేవాళ్ళు, ఇప్పుడు నెట్టు ఇచ్చి లోపల కూర్చోబెడుతున్నారు" అన్నారు అవధాని. కొక్కెం నాది, చేప ఆయనది. 2013లో ఓటింగ్ యంత్రం మీదికి 'నోటా' మీట వచ్చింది కదా. ఆ తర్వాత ఎన్నికల రోజుల్లో ఒక అవధాన సభలో "ఇన్ని హామీలు విన్న సామాన్యుడికి చివరికి ఏం మిగిలింది?" అని మాత్రమే అడిగాను. నోటా పేరు నేను ఎత్తలేదు. ఎత్తితే జవాబు నేనే చెప్పేసినట్టు. "వాళ్ళకు నోరుంది, నోటుంది. మనకు నోటా ఉంది" అన్నారు అవధాని. హాలు ఊగిపోయింది. కొక్కెం ఎప్పుడు చూపించాలో తెలిసినంతగా ఎప్పుడు దాచాలో కూడా తెలియాలి.

నాకు నమ్మకం కుదిరిన ప్రశ్న 1995 దసరాది. సెప్టెంబర్ 21, గురువారం, దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ళ ముందు బారులు తీరారు. మా పోస్టాఫీసు కౌంటరు దగ్గర కూడా ఆ రోజు స్టాంపుల మాట లేదు, అదే మాట. ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చూపించారు. చెంచా అంచున నిండుగా ఉబ్బిన పాలు విగ్రహానికి తగలగానే తలతన్యత వల్ల అటు లాగబడి, పల్చటి పొరగా రాతి వెంట కిందికి జారిపోతున్నాయి. రంగు వేస్తే ఆ జారిన దారి కనబడింది. కొద్ది రోజులకే పక్క ఊళ్ళో దసరా అవధానం. అవధానిగారు సంప్రదాయ పండితులు, ఉద్యోగం మాత్రం భౌతిక శాస్త్రం టీచరు. ఆ సంగతి నేను ముందే కనుక్కున్నాను. ఆయన వర్ణన మూడో పాదంలో ఉండగా అడిగాను: "అయ్యా, మొన్న రాయి పాలు తాగింది. రాయికి దాహం ఎందుకు వేసిందంటారు?"

ఆయన ఒక్క క్షణం ఆగారు. "రాయికి దాహం లేదు నాయనా, పాలకు తలతన్యత ఉంది. పాలకు తలతన్యత చాలు. మనిషికి తల కూడా కావాలి."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒక ముసలమ్మ మాత్రం కొట్టలేదు. మొన్న లైన్లో నిలబడి పాలు పోసిన ఆవిడ అని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అవధానిగారూ చూశారు. వర్ణన నాలుగో పాదం అయ్యాక, ఎవరూ అడగకుండానే ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీరు పోసిన పాలు ఎక్కడికీ పోలేదు. మీ చేతిలో చెంచా వణక్కుండా నిలబడింది చూశారా, ఆ నిష్ఠ మీది. జారడం పాల గుణం" అన్నారు. ఆవిడ చేతులు జోడించింది. సైన్సు చెప్పడం, మనిషిని నిలబెట్టడం రెండూ ఒకే చోట చూసింది నేను ఆ రోజే. ఆ ప్రశ్నకు నాకూ పేరొచ్చింది. కానీ అడిగినంతసేపూ ఆ ముసలమ్మ నాకు తట్టలేదు, తట్టింది ఆయనకే. ఇది నువ్వు రాసుకో.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. పేరొచ్చాక నా ప్రశ్నలు ఇంటివైపు తిరిగాయి. భార్యల మీద, అత్తల మీద అడిగితే సులువుగా నవ్వు పుడుతుంది. 1998లో ఒక సభలో పెద్ద వయసు అవధానిని అడిగాను: "అయ్యా, మీ ఇంట్లో అవధానం ఎవరిది? మీదా, అమ్మగారిదా?" ఆయన నా వైపు చూసి మెల్లగా అన్నారు: "ధారణ ఆవిడదేనయ్యా. పోయిన మాఘం నుంచి నేనొక్కణ్ణే అప్పజెప్పుకుంటున్నాను."

ధారణ అంటే చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పడం. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయనే తేరుకుని, మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమనే దత్తపది ఆయనతో "మీ నాలుగు మాటలు ఇవ్వండి" అన్నారు. ఆ రాత్రి ఆయన ఒక్క పాదం కూడా తప్పలేదు. నేను మళ్ళీ నోరు తెరవలేదు. బయటికొచ్చాక గురువుగారు కోప్పడలేదు. "మిగతా ఏడుగురూ ప్రశ్న చూసుకుని వస్తారు. నువ్వు మనిషిని చూసుకుని రావాలి" అన్నారు, అంతే. మర్నాడు బస్సెక్కి ఆ అవధానిగారి ఊరు వెళ్ళాను. ఆయనే కాఫీ కలిపి ఇచ్చారు. నేను చెప్పాలనుకున్నది చెప్పనివ్వలేదు. "లోకం గురించి అడుగు బాబూ, లోకం పెద్దది" అన్నారు.

అప్పటినుంచి ఇల్లు, ఒళ్ళు, కులం, రంగు నా పుస్తకంలో లేవు. ఇంకోటి కూడా అప్పుడే చూశాను. భార్యల మీద ప్రశ్న పడినప్పుడు ఆడవాళ్ళ వరసలు నవ్వవు. సగం సభ నవ్వని చమత్కారం మనకెందుకు? సభకు వారం ముందే అవధాని గురించి, ఊరి గురించి, ఆ నెలలో ఊళ్ళో జరిగిన మంచిచెడ్డల గురించి వాకబు చేస్తాను. నలభై ప్రశ్నలు రాసుకుంటే వాకబు అయ్యేసరికి పాతిక మిగులుతాయి. సభలో పన్నెండు అడుగుతాను.

ఎప్పుడు అడగాలన్నది చేయి తిరిగితే గానీ పట్టుబడదు. దత్తపది మాటలు అప్పుడే విన్నాడు, వాటిని ఎక్కడ ఇరికించాలా అని చూస్తున్నాడు, అప్పుడు అడుగు. సీసపద్యం చివరి ఎత్తుగీతి చెప్పబోతున్నాడు, జనం ఊపిరి బిగబట్టారు, అప్పుడు అడగకు. పద్యం విరిగితే సభకు దక్కాల్సింది పోతుంది. అవధాని నిజంగా తడబడుతున్నప్పుడు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది. అది లాగడానికి కాదు, ఆయనకు రెండు నిమిషాలు ఊపిరి ఇవ్వడానికి. జనానికి తెలియదు, ఆయనకు తెలుస్తుంది. సభ అయ్యాక భుజం మీద చెయ్యి వేస్తాడు.

రాజకీయం అడగాలా వద్దా అంటావు. అడగాలి. పార్టీ పేరు, మనిషి పేరు ఎత్తకూడదు. నేను సర్కారు ఉద్యోగిని కాబట్టి కాదు. పేరెత్తగానే సభ రెండుగా చీలిపోయి జవాబు ఎవరికీ వినబడదు. 2019 ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది, పోలింగు 11న. నిజామాబాదు వైపు అవధానానికి పిలిచారు. ఆ పార్లమెంటు స్థానానికి 185 మంది పోటీ, అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం నిలబడ్డారు. ఓటింగ్ యంత్రం ఒక పెట్టెలో 16 పేర్లే పడతాయి కాబట్టి ఒక్కో పోలింగు కేంద్రంలో 12 పెట్టెలు కలిపారు. నేను అడిగాను: "శతావధానికి వందమందే. ఇక్కడ ఓటరు ముందు 185 మంది. వీళ్ళిద్దరిలో ఎవరి అవధానం గొప్పది?"

"మాకు వందమందీ గుర్తుండాలి. ఓటరుకు ఒక్క గుర్తు గుర్తుంటే చాలు."

అక్కడ ఆగి ఉంటే నవ్వుతో అయిపోయేది. వెనక వరసల్లో తలపాగాలు కనబడ్డాయి. వెంటనే రెండోది వేశాను: "గుర్తు పెట్టుకోవాల్సింది ఓటరేనా అయ్యా, గెలిచినవాడు కాదా?" ఆయన గొంతు మారింది. "గెలిచినవాడి గుర్తు మనకుంటుంది. మనం వాడికి గుర్తుండమనే కదా, పసుపు రైతు తానే నిలబడ్డాడు!" చప్పట్లు ఈసారి వెనకనుంచి మొదలై ముందుకొచ్చాయి. మొదటి జవాబు మీద రెండో ప్రశ్న కట్టడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. దానికి పుస్తకంలో రాసుకున్నది పనికిరాదు, విన్నదే పనికొస్తుంది.

2020లో అవధానాలు జూమ్‌లోకి వెళ్ళాయి. అమెరికా నుంచి, సింగపూరు నుంచి పృచ్ఛకులు కూర్చున్నారు. గంటను అనవసరపు చప్పుడు అనుకుని జూమే నొక్కేసింది. ఒరిజినల్ సౌండ్ అనే మీట నొక్కితే గానీ గంట వినబడలేదు. మాట ఒక క్షణం ఆలస్యంగా చేరేది, ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం. ప్రశ్న చివర "అయ్యా" అనే పిలుపు పెట్టడం అప్పుడు మొదలెట్టాను, నేను ఆగానని ఆయనకు తెలియడానికి.

చంద్రయాన్-3 దిగింది 2023 ఆగస్టు 23న. ఆ నెలాఖరులో ఒక సభ. మొదలవకముందు టీ దగ్గర ఇద్దరు పెద్దలు గట్టిగా వాదించుకుంటున్నారు. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు నమూనాను తిరుమలకు తీసుకెళ్ళారు కదా, అందుకే దిగిందని ఒకరు. అలా తీసుకెళ్ళడం సైన్సుకే అవమానమని ఇంకొకరు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినడం లేదు. వేదికెక్కాక నా పుస్తకం మూసేసి అడిగాను: "అయ్యా, విక్రమ్ దిగింది, ప్రజ్ఞాన్ తిరుగుతోంది, ఫొటోలు వస్తున్నాయి. తాతలనాటి మన చందమామ కుందేలు ఒక్క ఫొటోలోనూ లేదేం?"

"దానికి మూడే కాళ్ళని పట్టుబట్టేవాళ్ళు కింద ఉన్నంతకాలం అది బయటికి రాదు" అన్నారు అవధాని. ఆయన ఆ టీ దగ్గర లేరు. ఆ ఇద్దరు పెద్దలూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. సభ అయ్యాక మళ్ళీ వాదించుకుంటూనే వెళ్ళారు, ఈసారి వంతులవారీగా.

గురువుగారు ఇప్పుడు లేరు. పోయిన ఏడు మొదటిసారి నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చాను. డిగ్రీ చదివే అమ్మాయి, నాతో రెండేళ్ళు తిరిగి నోటుబుక్కులు నింపింది. ఆమెతో పదకొండు ప్రశ్నలు రాయించాను. మొదటిది కృత్రిమ మేధ మీద: "యంత్రం కూడా పద్యాలు గుర్తుంచుకుంటుంది, దాని ధారణకు చప్పట్లు కొట్టాలా?" అవధాని అన్నారు: "మరపే లేనివాడి జ్ఞాపకానికి చప్పట్లెందుకమ్మా?" రాసుకున్నవాటిలో ఇంకో మూడు అడిగింది. తర్వాత కాగితం మడిచేసింది. అవధాని సమస్య రెండో పాదంలో చిక్కుకున్నారు, చెమట తుడుచుకుంటున్నారు. "అయ్యా, మరిచిపోయే హక్కు మీకుంది కదా. ఇవాళ మీరు మరిచిపోవాలనుకుంటున్నది ఏది?" అని అడిగింది. "ఈ సమస్య ఇచ్చినాయన్ని!" అన్నారాయన. సభ నవ్వుతున్న ఆ కాస్సేపట్లో ఆయన గ్లాసెడు మజ్జిగ తాగి, పాదం అందుకున్నారు.

దిగి వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. తిరగేసి చూశాను. చివరి ప్రశ్న అందులో లేదు.