గోవాడ చెరకు తోటలో

2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, నేడు అనకాపల్లి జిల్లాకు చెందిన చోడవరమునకు చేరువనే గోవాడ యను గ్రామము సహకార చక్కెర కర్మాగారముచేత పేరుగాంచి యున్నది. చెరకు నాటు దినములలో నేనచటికి బోయి, కర్మాగారమును దాటి, కాలువల వెంబడి ముచ్చెలు, అనగా నాటుటకై కోసిన చెరకుగడ ముక్కలు, పరచుచున్న తోటలోనికి దిగితిని. ఒక వృద్ధకర్షకుడు ఒక్కొక్క ముచ్చెను త్రిప్పి చూచి, మొలకెత్తవలసిన కన్ను నలిగినదానిని గట్టుమీదికి విసరివైచుచుండెను. కారణమడుగగా, “కన్ను సెడిపోతే ముచ్చి పొయ్యిలోకేనండి బాబూ” అనెను.

తడి తగిలిన కన్ను మొలకయగుటకు ముందు, దానిలోని ప్రతి కణమును తన డి.ఎన్.ఏ. నంతటిని మరియొక ప్రతిగా నిర్మించుకొని గాని రెండుగ చీలజాలదు. ఆ నిర్మాణమునకు వలయు నాలుగు విధములగు డీఆక్సీన్యూక్లియోటైడులు కణమున ముందుగ విస్తారముగ కూడియుండక, విభజనకాలమున ఎప్పటికప్పుడు సమకూరవలసినవి. అందులకు ముచ్చెలోని చక్కెరయే మూలధనము. అది గ్లూకోజు, ఫ్రక్టోజులుగ విడిపోయి, వానినుండి అయిదు కర్బన పరమాణువుల రైబోజు ఏర్పడి న్యూక్లియోటైడులలో చేరగా, రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అను ఎంజైము దానినుండి ఒక్క ఆక్సిజన్ పరమాణువును తొలగించి, ఆర్.ఎన్.ఏ. కు తగిన ద్రవ్యమును డి.ఎన్.ఏ. కు తగినదానిగ మార్చును. ఈ ఎంజైమునకు ఇనుము ఆవశ్యకము. వరిలో ఈ ఎంజైము లోపించిన మొక్కల లేతాకులు పాలిపోయి చారలు పడునని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. డీఆక్సీన్యూక్లియోటైడుల సరఫరా చాలనపుడు కణకేంద్రము తన భాగమును బొందగా, హరితరేణువుల డి.ఎన్.ఏ. కే కొరత కలుగునని వారి యభిప్రాయము.

ఆ నాలుగు డీఆక్సీన్యూక్లియోటైడులలో నొకటియగు థైమిన్ న్యూక్లియోటైడు సిద్ధించుటకు ఫోలేటు తోడ్పాటును కావలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఫోలేటు జాతికి చెందిన ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి ప్రతికూలమగు ఎమినాప్టెరిన్ అను మందును సిద్ధమయ్యెను. 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ మందుతోనే రక్తక్యాన్సరు సోకిన పిల్లలలో వ్యాధిని కొంతకాలము అణచగలిగెను. ఆ మందు అడ్డగించు ఎంజైమును, థైమిన్ న్యూక్లియోటైడును కూర్చు ఎంజైమును మనుష్యులలో వేరువేరు ప్రోటీనులు కాగా, మొక్కలలో నవి రెండును ఒకే ప్రోటీనున జంటగ నుండును.

ఆ కర్షకుడు విత్తనపు ముచ్చెలను గడ కొసభాగమునుండియే కోయుట గమనించితిని. అచట కన్నులు లేతవి; చక్కెర తక్కువయైనను, కణములు వెంటనే వాడుకొనగల గ్లూకోజును, నీరును అధికము. తీపి పండిన మొదలును మిల్లునకును, చప్పని కొసను మంటికిని విభజించిన ఈ రైతులు, మొలకకు వలసినది తీపి నిల్వ మాత్రమే కాదనియు, దానిని తడవు లేక వెచ్చింపగల కన్ననియు, ఎంజైముల పేరెరుగకయే ఆచరణముచే నిర్ణయించుకొని యున్నారు.