చింతపండు తగలని ఇత్తడి

మన ఇళ్లలో ఇత్తడి అంటే మెరవాలి. పండగ ముందు చింతపండు పట్టించి తోమి బోర్లించిన బిందెలో మొహం కనిపించాలి. తాతల నాటి టెలిస్కోపుకి ఉన్న పెద్ద గండం ఈ మంచి అలవాటే. అటక మీంచి దించగానే ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా దాన్ని వంటింటి పళ్లెంలా తోమేస్తారు. గంటలో బంగారంలా తయారవుతుంది. నూట యాభై ఏళ్లు నిలిచిన పూత ఆ గంటలోనే పోతుంది.

ఆ పూత లక్క. పందొమ్మిదో శతాబ్దపు పనివాడు గొట్టాన్ని తరిమెన పట్టి, నునుపు చేసి, కొద్దిగా వేడిచేసి, స్పిరిట్‌లో కరిగించిన లక్కను మెత్తని కుంచెతో పూసేవాడు. బంగారు ఛాయ కోసం అందులో కుంకుమపువ్వో పసుపో కలిపేవాడు. లండన్ దుకాణాల్లో పూసిన ఆ లక్కలో చాలా భాగం మన దేశపు చెట్ల మీద పురుగులు కట్టినదే. గాలి తగిలి ఇత్తడి నల్లబడకుండా కాపాడేది అది. పనివాడి పేరు చెక్కిన సన్నని గీతలు కూడా దాని చాటునే బతుకుతాయి. పదే పదే పాలిష్ పెడితే ఆ అక్షరాలు అరిగిపోతాయి. అప్పుడిక ఆ గొట్టం ఎవరు చేశారో, ఎక్కడిదో చెప్పేందుకు ఏమీ మిగలదు. అందుకే మచ్చలు పడ్డా సరే, లక్క ఉన్నచోట ఉండనివ్వాలంటాను. పొడిగుడ్డతో తుడిచి రవ్వంత మైనం రాస్తే చాలు. మెరుపు కోసం చేసే పనిని బాగుచేయడం అనను. ఆ పరికరం మళ్లీ చూపునివ్వాలి, అందుకు ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. పాత టెలిస్కోపులు బాగుచేసే ఈ సరదాలో నేను నమ్మేది ఇదొక్కటే.

అసలు ప్రాణం గాజులో ఉంది. ఒంటి కటకంతో చూస్తే ప్రతి వస్తువు అంచునా రంగులు పూస్తాయి. క్రౌన్ గాజుతో ఒకటి, సీసం కలిసిన ఫ్లింట్ గాజుతో ఇంకొకటి చేసి జతపరిస్తే ఆ రంగులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లండన్‌లో జాన్ డోలండ్ 1758లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. చెస్టర్ మూర్ హాల్ అనే న్యాయవాది అంతకు పాతికేళ్ల ముందే ఈ కిటుకు కనిపెట్టాడు గానీ, పేరు డోలండ్‌దే అయింది.

ఆ జంటను విప్పేటప్పుడు చేతులు నెమ్మదించాలి. కటకాల అంచున తరచు పనివాడు పెన్సిల్‌తో గీసిన గుర్తు ఉంటుంది. రెండు గాజుల మీదా ఆ గీతలు కలవాలి. కొన్నిటిలో గాజుల మధ్య అంచున మూడుచోట్ల గోరంత తగరపు రేకు ముక్కలు కూడా ఉంటాయి. వాటిని చెత్త అనుకుని పారేసినా, కటకాన్ని తిరగేసి బిగించినా బొమ్మ పాడవుతుంది. ఏమీ కనిపించడం లేదని అమ్మేసిన టెలిస్కోపుల్లో కొన్నిటి జబ్బు ఇంతే. ఎవరో ఎప్పుడో తుడవడానికి విప్పి తలకిందులుగా పెట్టారు. దాన్ని సరిచేసి, రాత్రి ఒక నక్షత్రం మీద నిలిపి, ఫోకస్ కొంచెం ఇటు, కొంచెం అటు తప్పించి చూడాలి. రెండు వైపులా గుండ్రని వలయాలు ఒకేలా విచ్చుకున్నాయంటే ఆ గాజును అరగదీసినవాడు ఎంతటి పనిమంతుడో తెలుస్తుంది. ఈ సరదాలో నాకు అంతకు మించిన ఆనందం లేదు.

మన తీరప్రాంతంలో గాజుకు శత్రువు బూజు. తోలుపెట్టె చెమ్మ పీల్చుకుంటుంది. మూసిన బీరువాలో ఒక్క వర్షాకాలం గడిస్తే కటకం మీద సాలెగూడులా పాకుతుంది. తొలిదశలో అయితే ముందు దుమ్ము ఊది, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బునీరు వేసి, నొక్కకుండా దూదితో కడిగితే పోతుంది. ముదిరితే గాజునే తినేస్తుంది, ఆ గాట్లు పోవు. అలాంటప్పుడు కటకానికి మళ్లీ పాలిష్ పెట్టిస్తామనేవాళ్ల మాట వినకండి. ఆ వంపు చెదిరితే తిరిగి రాదు. కొన్ని గాట్లున్న పాత కటకం కూడా చంద్రుణ్ణి చక్కగా చూపిస్తుంది. సూర్యుణ్ణి మాత్రం వీటితో చూడొద్దు. పాత పెట్టెల్లో కంటి దగ్గర బిగించుకునే నల్లద్దం దొరుకుతుంది. వేడికి అది చిట్లితే కన్ను పోతుంది.

కొనేవాళ్లకు నకిలీల బెడద ఉంది. డోలండ్ పేరుకున్న గిరాకీ వల్ల ఆ కాలంలోనే పక్కవాళ్లు ఒకటి రెండు అక్షరాలు మార్చి చెక్కుకున్నారు. ఈ రోజుల్లో అంగళ్లలో ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కిన ఇత్తడి గొట్టాలు కనిపిస్తాయి. ఆ రెండు సంస్థలు కలిసి ఆ పేరు పెట్టుకున్నది 1947లో! తేదీయే అబద్ధం చెబుతోందన్నమాట. కటకం మీద నీలిగానో ఊదాగానో పూత మెరిసినా అనుమానించండి. అలాంటి పూతలు 1930ల నుంచి వచ్చినవి.

బాగుచేయడం అంటే ఏమిటో నాకు తంజావూరు కథ నేర్పింది. దేశాన్ని త్రిభుజాలుగా కొలవడానికి విలియం లాంబ్టన్ ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న థియోడొలైట్ అర టన్ను బరువు. లండన్‌లో విలియం కేరీ చేశాడు. దారిలో ఓడ ఫ్రెంచివాళ్లకు చిక్కి మారిషస్ చేరితే, వాళ్లు మర్యాదగా మద్రాసుకు పంపారు. 1808లో తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి రాతిగోడకు కొట్టుకుంది. కోణాలు కొలిచే మూడడుగుల చక్రం వంగిపోయింది. ఇంకొకరైతే కొత్తదానికి ఉత్తరం రాసి కూర్చునేవారు. లాంబ్టన్ ఎవరినీ రానివ్వకుండా డేరాలో కూర్చున్నాడు. చక్రం అసలు కొలతకు చెక్కలో వలయం కోసి, మేకులు, మరలు, కప్పీలతో వంగిన లోహాన్ని కొంచెం కొంచెంగా ఆ కొలతకు లాగాడు. ఆరు వారాలు పట్టింది. తర్వాత ఆ యంత్రంతోనే సర్వే ఉత్తరంగా సాగి నిజాం రాజ్యంలోకి వచ్చింది.

లాంబ్టన్ తర్వాత సర్వే నడిపిన ఎవరెస్టు కాలానికి ఈ పరికరాల బాధ్యత తీసుకున్నది సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. ఆర్కాటువాడు, నగల పని తెలిసినవాడు. ఆ చేతులే సర్వే విభాగపు అతి నాజూకు యంత్రాలను నిలబెట్టాయి. పర్వతానికి ఎవరెస్టు పేరు పెట్టుకున్నాం. మొహసిన్ పేరు ఎంతమందికి తెలుసు? నాకిది బాధగానే ఉంటుంది.

మనవాళ్ల చేతుల్లోనూ గొప్ప టెలిస్కోపులు ఉండేవి. మద్రాసు వేధశాలలో టి.జి.టేలర్ దగ్గర ఖగోళం నేర్చిన గోడె వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్నారు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడే 1874 డిసెంబరు 9న ఆరంగుళాల కుక్ టెలిస్కోపుతో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడవడం చూసి లండన్‌కు వివరాలు పంపారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన పదిహేనంగుళాల గ్రబ్ టెలిస్కోపు చుట్టూ నిజామియా వేధశాల పెరిగింది. అక్కడి ఎనిమిదంగుళాల కుక్ కెమెరా ప్రపంచ నక్షత్ర పట్టికలో హైదరాబాదు వంతు ఆకాశాన్ని ఫొటో తీసింది. వీటిని కొన్నవాళ్లు అద్దాల అలమారాలో పెట్టుకోవడానికి కొనలేదు. పాత పరికరాలు పోగుచేసే మనం కూడా నెలకొక రాత్రయినా వాటిని డాబా మీదికి తీసుకెళ్లాలి, వీధిలో పిల్లల్ని పిలిచి చూపించాలి.

చివరగా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మనవాళ్లకు ఒక మాట. ఊళ్లో ఇల్లు ఖాళీచేసేటప్పుడు ఇలాంటిది దొరికితే సూట్‌కేసులో పెట్టుకోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల్ని దేశం దాటించడం నేరం. ఎంత పాతదో తేలకపోతే ముందు పురావస్తు శాఖవారికి చూపించండి. నిజంగా పాతదని తేలితే ఇక్కడే ఉన్న తమ్ముడికో మేనకోడలికో, ఆకాశం చూసే అలవాటున్నవాళ్లకు ఇచ్చి వెళ్లండి. పెట్టె, అందులోని మరలు, కాగితాలు ఒక్కటీ పారేయకుండా, ఎవరు వాడారో ఒక చీటీ రాసిపెట్టి మరీ ఇవ్వండి.