ఇల్లు ఒకరిది, గుమ్మం ఇంకొకరిది

సూరత్ నగరపు ఆగ్నేయ దిశలో, డిండోలీని ఆనుకొని ఉన్న నవాగామ్ వలస శ్రమతో ఎదిగిన వాడ. ఖాందేశ్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చినవారి సరసనే తెలంగాణ నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలూ ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడపవలసి వచ్చిందంటే ఆ వలస ఎంత పాతదో ఊహించవచ్చు. తొలితరం వారు అద్దె గదుల్లో తలదాచుకున్నారు. మలితరంలో కొందరు రుణాలు తీసుకొని సొసైటీల్లో ఇళ్లు కొన్నారు, పైన ఒక అంతస్తు వేసి అద్దెకిచ్చారు. నిన్నటి కిరాయిదారు నేటి యజమాని అయ్యాడు. సొసైటీకీ ఇళ్ల యజమానులకూ మధ్య తగవు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇరుపక్షాల వాదనలోనూ బలముంది. యజమాని లెక్క ప్రకారం ఇల్లు తనది, బ్యాంకు వాయిదా కట్టేది తానే, ఆ వాయిదాకు ఆధారం అద్దె. సొసైటీ లెక్క వేరు. నలుగురి కోసం వేసిన గొట్టం నుంచి పద్నాలుగు మంది నీళ్లు పట్టుకుంటున్నారు. యజమాని వేరే చోట కాపురముంటూ నిర్వహణ రుసుము బకాయి పెడుతున్నాడు. కిరాయిదారు వివరాలు పోలీసులకు ఇవ్వవలసిన బాధ్యతనూ విస్మరిస్తున్నాడు. రాత్రి పాళీ ముగించి వచ్చేవారి అలికిడికి పక్కింటి పిల్లల నిద్ర చెడుతోంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. వీటికి నియమాలు చేసుకునే హక్కు కలిసి బతికే ఏ సమూహానికైనా ఉండవలసిందే.

అయితే ఆ నియమాలు నీళ్ల దగ్గర ఆగవు. బ్రహ్మచారులకు ఇవ్వరాదన్న మాట ముందు వస్తుంది. ఏ రాష్ట్రం, ఏ కులం, ఏ మతం, ఇంట్లో మాంసం వండుతారా అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రవర్తనను అదుపు చేయడానికి పుట్టిన అధికారం పుట్టుకను పరీక్షించే అధికారంగా మారడానికి ఒక సర్వసభ్య సమావేశం చాలు.

చట్టం ఈ మార్పును గట్టిగా అడ్డుకోలేదు. 1961 నాటి గుజరాత్ సహకార సంఘాల చట్టం సభ్యత్వం అందరికీ తెరచి ఉండాలన్న సూత్రాన్ని గుర్తించింది. కానీ అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం వ్యాజ్యంలో, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసే ఉపనియమం చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సహకార సంఘం ప్రభుత్వం కాదు గనుక ప్రాథమిక హక్కుల కొలబద్ద దానికి నేరుగా వర్తించదన్నది అందులోని తర్కం. సంఖ్యలో చిన్నదైన ఒక సముదాయం తన ఉనికిని కాపాడుకోవడానికి పనికివచ్చిన ఆ తర్కం, బలవంతుల చేతిలో పడితే ఏమవుతుందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

గుజరాత్‌లో దీనికి ప్రభుత్వపు నీడ కూడా తోడైంది. మతకల్లోలాల భయంతో ఆస్తులు అగ్గువకు అమ్ముకోవలసిన దుస్థితిని నివారించేందుకంటూ తెచ్చిన 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం, ప్రకటిత ప్రాంతాల్లో స్థిరాస్తి బదిలీకి కలెక్టరు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. సూరత్‌లోని పలు ప్రాంతాలూ ఆ పరిధిలోకి వచ్చాయి. రక్షణ కోసం పుట్టిన చట్టం కాలక్రమంలో ఎవరి వీధి ఎవరిదో గీత గీసే సాధనమైందన్న విమర్శ ఉంది. పొరుగువారిని మతం చూసి ఎంచుకోవడం సహజమేనన్న సందేశం పైనుంచే అందితే, కింది సొసైటీలు వేరే పాఠం నేర్చుకుంటాయా?

పొరుగు రాష్ట్రం ఒక మధ్యేమార్గం చూపింది. అద్దెకిచ్చిన ఫ్లాట్లపై సొసైటీలు ఇష్టారీతిన రుసుము వసూలు చేస్తున్నాయన్న ఫిర్యాదుల నేపథ్యంలో, ఆ రుసుము సేవా ఛార్జీల్లో 10 శాతానికి మించరాదని మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ఆదేశించింది. బొంబాయి హైకోర్టు దానిని 2007లో సమర్థించింది. సొసైటీ ఖర్చును గుర్తిస్తూనే దాని చేతికి కళ్లెం వేసిన పద్ధతి అది.

ఈ వాదోపవాదాలలో ఎక్కడా గొంతు వినిపించని మనిషి ఒకడున్నాడు. అతడే కిరాయిదారు. సొసైటీలో అతనికి ఓటు లేదు. యజమానితో అతనికి తరచూ నోటిమాట ఒప్పందమే ఉంటుంది. కాగితం ఉన్నా అది పదకొండు నెలలకే. కాగితం లేనివాడు చిరునామా రుజువు చేసుకోలేడు, చిరునామా లేనివాడు ఓటర్ల జాబితాలో చేరడానికీ అవస్థపడతాడు. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ వలస కార్మికుల నుంచి నెలపాటు అద్దె అడగరాదని ఆదేశించింది. ఏప్రిల్‌లో అదే సూరత్ వీధుల్లోకి కార్మికులు తమను ఊళ్లకు పంపమంటూ వచ్చారు. ఆదేశం గది తలుపు దాకా చేరుతుందన్న నమ్మకం ఉన్నవాడు అంత తెగింపుతో రోడ్డెక్కడు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కౌలుదారీ చట్టం రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసి, నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. కానీ దానిని అమలులోకి తేవలసింది రాష్ట్రాలే. పైగా అది చూసింది యజమానినీ కిరాయిదారునూ మాత్రమే. వారిద్దరి నడుమ గుమ్మంలో నిలబడిన సొసైటీని కాదు.

కావలసింది పెద్ద విప్లవమేమీ కాదు. సొసైటీ నియమాలు నీటికీ, శబ్దానికీ, బకాయిలకూ పరిమితం కావాలి. పుట్టుకను అడిగే ఉపనియమం ఏదైనా రిజిస్ట్రారు ముందు నిలవకూడదు. అద్దె ఇళ్ల రుసుముకు చట్టబద్ధమైన హద్దు ఉండాలి. ఖాళీ చేయమనే ముందు కిరాయిదారు మాట కూడా వినాలి.

రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే స్వేచ్ఛను పౌరునికి ఇచ్చింది. సిరిసిల్ల నుంచి బయలుదేరిన నేతపనివాడు రైలెక్కి సూరత్‌లో దిగేదాకా ఆ స్వేచ్ఛకు అడ్డులేదు. నవాగామ్ సొసైటీ గేటు దగ్గర అతణ్ణి ఆపి ఊరూ పేరూ కులమూ అడుగుతున్నప్పుడు, అడిగేవాని తండ్రి కూడా ఒకనాడు అదే సంచితో అదే స్టేషన్లో దిగి ఉండవచ్చు.