మైదానం విశాలం, దారి ఇరుకు

డెల్టాలో నేలకు విలువ ఎక్కువ. గోదావరి నీరు అందే ప్రతి సెంటూ వరికో, కొబ్బరికో, ఇటీవలి కాలంలో చేపల చెరువుకో లెక్కలో ఉంటుంది. అటువంటి చోట ఏ పంటా పండని ఎకరాలను ఊరి నడుమ ఖాళీగా ఉంచుకోవడం మామూలు విషయం కాదు. అయినా ఇక్కడి పాత కళాశాలలు తమ మైదానాలను నిలుపుకున్నాయి. 1853 నాటి చరిత్ర గల రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలను తలచుకోగానే అక్కడ తెలుగు బోధించిన కందుకూరి వీరేశలింగం, తత్త్వశాస్త్రం చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పండితులకు గుర్తుకు వస్తారు. ఊరివారికి మాత్రం ముందుగా గుర్తుకు వచ్చేది దాని మైదానమే. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల, అమలాపురంలో కోనసీమ భానోజీ కళాశాల, భీమవరంలో డి.ఎన్.ఆర్. కళాశాల, నరసాపురంలో వై.ఎన్. కళాశాల. ఈ పేర్లు వినగానే చదువుకున్నవారికి తరగతి గదులు, చదువుకోనివారికి అక్కడ జరిగిన ఆటలు కళ్ళ ముందు మెదలుతాయి.

2020 మార్చి 19 నుండి రాష్ట్రంలో విద్యాసంస్థలన్నీ మూతపడినప్పుడు ఈ మైదానాలూ మూగబోయాయి. ఆ ఏడాది మే 25న ఈదుల్ ఫితర్ నాడు ఈద్‌గాహ్‌కు వెళ్ళకుండా ఇంటి వసారాలోనే చాపలు పరచుకుని నమాజు చేసిన కుటుంబాలకు ఆ నిశ్శబ్దం ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. నవంబరు 2న కళాశాలలు దశలవారీగా తెరుచుకున్నాయి గాని, ముందు పాఠాలు వచ్చాయి, ఆటలు రాలేదు. మరుసటి ఏడు రెండవ అల వచ్చింది. రాష్ట్రంలోకెల్లా అత్యధిక కేసులు నమోదైన జిల్లా మా తూర్పు గోదావరి. 2021 జూలైలో మిగిలిన జిల్లాలలో రాత్రి 10 గంటల వరకు సడలింపు ఇచ్చినా, ఉభయ గోదావరి జిల్లాలలో మాత్రం సాయంత్రం 7కే కర్ఫ్యూ మొదలయ్యేది. ఎండ తగ్గి ఆట మొదలయ్యే వేళకు ఇల్లు చేరుకోవలసిన పరిస్థితి అది. ఆ మే నెలలోనే మా అమ్మీ తన తమ్ముణ్ణి పోగొట్టుకుంది. ఆయన జనాజాకు వెళ్ళగలిగినవారు ఆరుగురు.

మా మేనల్లుడు డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి, కళాశాల కబడ్డీ జట్టులో ఆడతాడు. చిన్ననాడు వాణ్ణి పెంచింది వాడి నానీ, అంటే మా అమ్మీయే. 2022 ఫిబ్రవరిలో మూడవ అల తగ్గుముఖం పట్టి, కోనసీమలో ఒక కళాశాల మైదానంలో పోటీలు పెట్టారని తెలిసినప్పుడు ఆమె నన్ను ఒకటే అడిగింది. "రెండేళ్ళయింది బేటా, వాడి ఆట చూసి. దూరం నుండి చూసినా చాలు." ఆమెకు 72 ఏళ్ళు, చక్కెర వ్యాధి ఉంది. 2021 ఏప్రిల్‌లో రెండవ డోసు వేయించుకుంది. 2022 జనవరి 10 నుండి 60 ఏళ్ళు దాటిన వ్యాధిగ్రస్తులకు ప్రికాషన్ డోసు ఇవ్వడం మొదలైనందున, తొమ్మిది నెలల గడువు నిండగానే అదీ పూర్తయింది. వద్దని చెప్పడం సులభమే. కాని ఎంతకాలం వద్దనాలి? అందువల్ల ఆ ప్రయాణాన్ని ఒక లెక్క ప్రకారం చేయాలని నిర్ణయించుకున్నాం.

ఆ లెక్కకు ఆధారమేమిటో చెప్పాలి. జనం పెద్ద ఆటలకు వెళ్ళినప్పుడు వ్యాధి ఎక్కడ అంటుకుంటుంది? 2021లో జరిగిన యూరో ఫుట్‌బాల్ పోటీలలో భాగంగా జూన్ 18న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండు, స్కాట్లండు జట్లు తలపడ్డాయి. ఆ పోటీలకు సంబంధించిన సందర్భాలలో పాల్గొని వ్యాధిగ్రస్తులైన 1,991 మందిని స్కాట్లండు ప్రజారోగ్య శాఖ గుర్తించింది. వారిలో 1,294 మంది ఆ ఆట కోసం లండన్ ప్రయాణం చేసినవారు. స్టేడియం లోపల కూర్చుని ఆట చూసినవారు మాత్రం 397 మంది. మిగిలినవారు రైళ్ళలో, బస్సులలో, తినుబండారాల శాలలలో, బంధుమిత్రుల ఇళ్ళలో గుమికూడినవారన్నమాట. స్టేడియం నిర్దోషి అని దీని అర్థం కాదు. 2020 ఫిబ్రవరి 19న బెర్గామో ప్రజలు తమ జట్టు ఆట చూడడానికి వేల సంఖ్యలో మిలాన్ నగరానికి తరలివెళ్ళారు. కొన్ని వారాలకే ఆ ఊరు ఇటలీలో అత్యంత విషాదకర ప్రాంతంగా మారిందన్నది లోకమెరిగిన సంగతి. అక్కడ కూడా ప్రయాణాన్నీ, కౌగిలింతలనూ, ఆటనూ విడదీసి చూడలేం.

ఇంకొక సంగతి గొంతుకు సంబంధించినది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ అనే చోట 2020 మార్చి 10న 61 మంది ఒక గదిలో బృందగాన సాధన చేశారు. వారిలో 53 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు మరణించారు. మాట్లాడేటప్పటి కన్న పాడేటప్పుడు, పాడేటప్పటి కన్న అరిచేటప్పుడు నోటి నుండి వెలువడే సూక్ష్మ తుంపరలు అధికం. ఆరుబయట గాలి వాటిని చెదరగొడుతుంది, మూసిన గదిలో అవి అలాగే నిలిచి ఉంటాయి. ఇప్పుడు మన చెడుగుడును తలచుకోండి. కూతకు వెళ్ళే ఆటగాడు ఒకే ఊపిరిలో, బిగ్గరగా, ఎదుటి జట్టు ఏడుగురి ముఖాల మీదికి కూత పెట్టాలి. ఆపితే ఔటు. ఆపై ఆ ఏడుగురూ కలిసి అతణ్ణి ఒడిసి పట్టాలి. మహమ్మారి కాలానికి ఇంతకన్న పొసగని ఆట మరొకటి లేదనిపిస్తుంది! 2021 డిసెంబరు 22న బెంగళూరులో మొదలైన ప్రో కబడ్డీ పోటీలలో అందుకే ఆటగాళ్ళను బయటివారితో కలవనీయకుండా ఒకే హోటలులో ఉంచి, ప్రేక్షకులను అసలు రానివ్వలేదు. కళాశాల జట్లకు అంతటి ఏర్పాటు సాధ్యం కాదు. ఆడేవారి ప్రమాదం ఆడేవారిదే. చూసేవారు తమ ప్రమాదాన్ని ఎంత వరకు తగ్గించుకోగలరన్నదే మన ముందున్న ప్రశ్న.

మేము బస్సు ఎక్కలేదు. బంధువుల కారులో నలుగురమే, నాలుగు అద్దాలూ దింపుకుని బయలుదేరాం. కడియపులంక నర్సరీలలో బంతులు, చామంతులు విరగబూసి ఉన్నాయి. జొన్నాడ వద్ద గౌతమి మీది వంతెన దాటి రావులపాలెం చేరితే కోనసీమ ముఖద్వారం. అక్కడి నుండి కొత్తపేట, అంబాజీపేట మీదుగా కాలువ వెంట దారి. దాళ్వా నాట్లు పచ్చబడి, లాకుల వద్ద నీరు నిండుగా ఉంది. దారిలో ఎక్కడా టిఫినుకు ఆగలేదు. ఇంటి నుండి తెచ్చుకున్న పులిహోర, ఉడికించిన గుడ్లు కాలువ గట్టున చెట్టు కింద తిన్నాం. అమ్మీకి అదే పెద్ద విహారమైంది. సంక్రాంతి నాటికి ఇవే రోడ్లు ఎలా ఉన్నాయో నేను చూశాను. రాత్రి కర్ఫ్యూను పండుగ కోసమని జనవరి 18కి వాయిదా వేశారు, ఆరుబయట 200 మందికి మించరాదన్న నిబంధన కాగితం మీద ఉంది, కోడిపందెం బరుల చుట్టూ వేలమంది ఉన్నారు. ఆ జనసందోహంతో పోలిస్తే కళాశాల ఆట చూడబోవడం ఎంతో నెమ్మదైన పని.

ఆ మైదానానికి ఒకటే గేటు. ఆట చూసేవారి అసలు పరీక్ష అక్కడే. లోపల వేయిమంది విడివిడిగా కూర్చోగల స్థలం ఉన్నా, వారందరూ ఒకే వేళకు ఒకే గేటు ముందు కలిస్తే ఆ స్థలం వల్ల ప్రయోజనం లేదు. ఇరుకు దారి సంగతి గోదావరి ప్రజలకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2015 జూలై 14న పుష్కరాల తొలి ఉదయం రాజమహేంద్రవరం ఘాట్ వద్ద 27 మంది తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. నది అంత వెడల్పు, ఘాట్‌కు వచ్చే దారి అంత ఇరుకు. తొక్కిసలాట వేరు, అంటువ్యాధి వేరు, నిజమే. కాని రెండింటికీ చోటిచ్చేది మనుషులు ఒరుసుకునే ఆ ఇరుకే. కనుక ఆట మొదలు కావడానికి ముప్పావు గంట ముందే లోపలికి వెళ్ళాం. గేటు వద్ద ఒక విద్యార్థి చేతుల మీద శానిటైజరు పోస్తున్నాడు, అతని మాస్కు మాత్రం గడ్డం కింద ఉంది.

కోర్టు మట్టిది. చుట్టూ తాడు కట్టారు. పడమటి వైపు చెట్ల నీడ, అక్కడే జనమంతా. ముందువారు గొంతుకు కూర్చుంటే వెనుకవారు వారి భుజాలపై చేతులు వేసి నిలబడ్డారు. తూర్పు వైపు ఎండ ఎదురుగా కళ్ళలో పడుతుంది కనుక ఎవరూ లేరు. కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూశాను. సాయంత్రం కావస్తుండడంతో సముద్రపు గాలి తూర్పు నుండి వీస్తోంది. అంటే తూర్పున కూర్చున్నవారికి గాలి ముందుగా తగిలి, ఆ తరువాత ఆటగాళ్ళ మీదుగా అవతలి జనం మీదికి పోతుంది. ఎండకు ఓర్చుకున్నవారికే మంచి గాలి. తాడుకు ముప్పై అడుగుల దూరంలో అమ్మీకి ప్లాస్టిక్ కుర్చీ వేశాం. ఎన్-95 మాస్కు, దాని పైన ఓణీ, చేతిలో గొడుగు. మొదటి ఆట ముగిశాక అసర్ వేళయింది, ఆమె ఆ కుర్చీలోనే నమాజు చేసుకుంది.

మా వాడు కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఆమె పెదవులు కదిలేవి, మాస్కు లోపల ఏమనుకుందో తెలియదు. అవతలి వైపు ఈలలు, కేకలు. చప్పట్లు కొడితే సరిపోయే చోట కేకలు వేయడం మనవారికి అలవాటు. ఇంట్లో మాస్కు లేకుండా తిరిగే పిల్లలు వచ్చినవారిలో ఎందరో ఉన్నారు, వారు రాత్రికి నానమ్మల పక్కనే భోజనానికి కూర్చుంటారు. మూడవ అలలో యువకులకు జలుబులా వచ్చిపోయిన జబ్బు, వారి ఇళ్ళలోని ముసలివారికి అలా రాలేదు.

ఆసక్తి కలిగించే మరో విషయం. మా ఇంటి పెద్ద మేనల్లుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. అక్కడ కళాశాల ఫుట్‌బాల్ అంటే ఒక జాతర. వారు ఫుట్‌బాల్ అనేది బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట, పేరు ఎందుకు అలా వచ్చిందో అడిగితే నవ్వుతాడు. లక్షకు పైగా జనం పట్టే మిషిగన్ స్టేడియం 2020లో సాధారణ ప్రేక్షకులు లేకుండా బోసిపోయి, 2021లో మళ్ళీ కిక్కిరిసింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో జార్జియా టెక్ కళాశాల ఆటకు వచ్చినవారు మాస్కులతో కూర్చున్న ఫోటో ఒకటి ప్రసిద్ధం. కొందరి మాస్కు అందులోనూ ముక్కు కిందికి దిగి ఉంది!

ఆట ముగిసింది, మా వాడి జట్టు ఓడింది. వాడు తాడు వద్దకు వచ్చి మాస్కు పెట్టుకుని దూరం నుండే సలాం చెప్పాడు. మోకాలు చెక్కుకుపోయిందని గమనించిన అమ్మీ ఓటమి గురించి ఒక్క మాటా అనలేదు, పసుపు రాయలేదేమని మందలించింది. జనం గేటు దాటే వరకు అరగంట సేపు మేము కుర్చీల నుండి లేవలేదు. బజ్జీల బండి చుట్టూ మూగినవారు తొలగిన తరువాతే బయటికి నడిచాం. వాడు అయిదు రోజుల పాటు హాస్టలులోనే ఉండి, జ్వరం గాని దగ్గు గాని లేదని తేలాకే ఇంటికి రావాలని ముందే అనుకున్న మాట.

వచ్చే నెల వాడి జట్టుకు మరో పోటీ ఉంది. అది ఇన్‌డోర్ హాలులో, తలుపులు మూసి, మ్యాట్ మీద జరుగుతుందట. దానికి అమ్మీని తీసుకువెళ్ళడం లేదని చెప్పాం. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.