మన కడీ మీద మన బోర్డు

షోలాపూర్ నుంచి హైదరాబాద్ పోయే తోవ మనవాళ్లకు కొత్త కాదు. పెండ్లిళ్లకు, చావులకు, దసరాకు ఎన్నిసార్లు పోయినమో లెక్క లేదు. బస్సు ఎక్కితే కొందరు నిద్రపోతరు, కొందరు ఫోన్ చూస్తరు. ఈసారి నేను కిటికీ పక్క సీటు పట్టుకొని, మూడు వందల కిలోమీటర్లు ఒక్కటే చూసుకుంట పోయిన. చేన్ల చుట్టూ ఉండే ముళ్లతీగ కంచెలు, ఆ కంచె కడీలకు కట్టిన బోర్డులు.

దానికి కారణం ఉన్నది. ఊర్లె ఉండే మా తమ్ముని కొడుకు ఫోన్ చేసిండు. "పెద్దబాపూ, మన చెల్క మూల కడీకి ఎవరో ప్లాట్లు అమ్మేటోళ్లు బోర్డు కట్టిపోయిన్రు. నిన్న కారుల ఇద్దరొచ్చి గజం ఎంత అని నన్నే అడిగిన్రు" అన్నడు. అది మా నాయన ఇచ్చిన ఎకరం పది గుంటల జాగ. ఏండ్లకేండ్లు మిల్లుల సాంచాల నడుమ నిలబడి ఇక్కడ రెండు అర్రల ఇల్లు కట్టుకున్నం గాని, ఊర్లె మాకంటూ మిగిలింది ఆ చెల్క ఒక్కటే. మనుమణ్ణి వెంటబెట్టుకొని బయలెల్లిన. వాడు మరాఠీ బడిల పదో తరగతి చదువుతున్నడు.

షోలాపూర్ దాటినంక నల్‌దుర్గ్ వస్తది. బోరీ నది మీద పాత కోట, అందుల పానీ మహల్. మన పిల్లలు వానకాలంల చూడబోతరు. ఆ చుట్టుపక్కల చేన్లకు నాకు ఎక్కువగా ఇనుప యాంగిల్ కడీలే కనబడ్డయి. యాంగిల్‌కు తీగ కట్టనీకి ముందే బెజ్జాలు ఉంటయి. బోర్డుకు కూడా అదే కొలతల బెజ్జాలు పెడితే రెండు బోల్టులతోనే పని అయిపోతది. బోర్డుల మీద మరాఠీల రెండే మాటలు. ఒకదాని మీద 'వికణే ఆహే', ఇంకోదాని మీద 'వికణే నాహీ'. అమ్మేది ఉన్నదని ఒకాయన, లేదని ఇంకొకాయన.

ఫ్లెక్సీ బోర్డులైతే సగం చినిగి గాలికి కొట్టుకుంటున్నయి. మనం బట్ట నేసినోళ్లం, మనకు తెల్వంది కాదు. బట్ట నడుమ చినగదు. బరువు ఎక్కడ పడుతదో అక్కడ, అంచు కాడ చినుగుతది. ఫ్లెక్సీకి బరువంత నాలుగు మూలల బెజ్జాల మీదనే. గాలి ఒక్కతీరుగ లాగితే ముందు ఒక మూల తెగుతది, దాని బరువు పక్క మూల మీద పడుతది. ఇగ అది ఒక్క వానకాలం గూడ ఆగదు. పెండ్లి మండపానికి ఫ్లెక్సీ చాలు. చేనుకు చాలదు.

ఉమర్గా దాటితే కర్ణాటక. బసవకల్యాణ్ క్రాస్, తర్వాత హుమ్నాబాద్. ఇక్కడ అక్కడక్కడ రాతి పలకలనే నిలువుగ పాతి తీగ గుంజిన్రు. మన ఇండ్లల్ల పరిచే షాబాద్ ఫరసీ ఈ పక్కదే, కలబురగి జిల్లా షాబాద్ నుంచి వస్తది. రాతి కడీకి మేకు దిగదు. అందుకని కొందరు బోర్డు లేకుండ రాయి మీదనే రంగుతోని రాసిన్రు. దుమ్ము కడగకుండ రాసినకాడ అక్షరాలు పొట్టు పొట్టుగ రాలిపోయినయి. ఒక కడీ మీద కన్నడంల ఏదో ఉంటే పక్క సీటాయన చదివి చెప్పిండు. 'ఈ జాగ మారాటక్కిల్ల'. ఈ జాగ అమ్మేది లేదని. మరాఠీల జాగా, కన్నడంల జాగ, మన దగ్గర గూడ జాగనే. మాట ఒక్కటే, భయం గూడ ఒక్కటే అనిపించింది.

చిరాగ్‌పల్లి కాడ తెలంగాణ మొదలైతది. జహీరాబాద్ పక్క చెరుకు తోటలున్నయి. అక్కడ కొన్ని కంచెలకు పసుపు రేకు మీద నల్ల అక్షరాలతోని, మెరుపు బొమ్మతోని చిన్న బోర్డులు ఉన్నయి. అవి సోలార్ కంచెలు. అడవిపందులు రాకుండ మిషన్ పెట్టి, ఆగి ఆగి ఝట్కా కొట్టే కరెంటు ఇస్తరు. అది పందిని బెదిరిస్తది గాని చంపదు. ఇంటి కరెంటో మోటరు కరెంటో నేరుగ తీగకు ఇచ్చుడు మాత్రం పెద్ద నేరం. అట్ల పెట్టిన తీగలు తగిలి రైతులే, పక్క చేను కూలోళ్లే పోయిన సంగతులు పేపర్లల్ల చదువుతనే ఉన్నం. సోలార్ కంచె ఉన్నోళ్లు రెండు సంగతులు యాదిల పెట్టుకోవాలె. ఇనుప రేకు బోర్డు కరెంటు పారే తీగకు కట్టొద్దు, కడీకే కట్టాలె. రెండోది, బోర్డు మీద బొమ్మ తప్పకుండ ఉండాలె. మా అమ్మకు ఏ భాషల అక్షరం రాకపోయేది. అసుంటోళ్లు ఇప్పటికీ చేన్లల్ల కలుపు తీస్తున్నరు. బొమ్మ అయితే వాళ్లకు గూడ తెలుస్తది.

హైదరాబాద్‌ల దిగి, ఉప్పల్ నుంచి ఇంకో బస్సు ఎక్కినం. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటంగనే భువనగిరి గుట్ట, ఒక్కటే రాయి మీద కోట. మనుమడు నోరు తెరిచి చూసిండు. ఈడికెల్లి జనగామ దాకా ఎటు చూసినా రాళ్ల గుట్టలే, అందుకే కంచెకు గూడ రాతి కడీలే. ఆరేడు అడుగుల కడీని రెండడుగుల లోతు పాతుతరు. పందిరి గుంజ లెక్క కదలదు, చెద పట్టదు. పట్నం దగ్గర ఉన్నన్ని దినాలు కంచెల మీద వెంచర్ల బోర్డులే. ఊరు దగ్గర పడ్డకొద్దీ 'ఈ స్థలం అమ్మబడదు' అని తెలుగుల మొదలైనయి.

జనగామ నుంచి ఆటోల మా ఊరు. తెల్లారి చెల్క కాడికి పోయినం. మూల కడీకి ఇనుప చట్రంల ఫ్లెక్సీ, సన్న బైండింగ్ వైరుతోని కట్టి ఉన్నది. దాని మీద పెద్ద బాణం గుర్తు. వెంచర్ మా చెల్కల లేదు, అర కిలోమీటరు అవతల ఉన్నది. కట్టినప్పుడు బాణం తోవ దిక్కు ఉండె. వైరు వదులైంది, గాలికి బోర్డు కడీ చుట్టూ సగం తిరిగింది. ఇగ బాణం మా చెల్కలకు చూపెట్టుకుంట నిలబడ్డది. చూసినోళ్లు ఇదే ప్లాట్ల జాగ అనుకున్నరు.

మా తమ్ముని కొడుకు పీకి అవతల పారేద్దమన్నడు. "ఆగురా" అన్న. బోర్డు మీది నెంబరుకు ఫోన్ చేసినం. మా కడీకి మమ్మల్ని అడగకుండ కట్టిన్రు, తీసుకపోండ్రి అని మెల్లగనే చెప్పినం. "మీరే తీసి పక్కన పెట్టుండ్రి" అన్నరు. పక్క చేను ఆయనను, వార్డు మెంబరును పిలిచి, వాళ్ల ముందర నాలుగు దిక్కుల ఫోటోలు తీసి, అప్పుడు విప్పినం. చట్రం చెడగొట్టకుండ పంచాయతీ ఆఫీసు కాడ అప్పజెప్పినం. కొట్లాట పెట్టుకుంటే మేము రెండు దినాలల్ల బస్సెక్కుతం. తెల్లారి లేస్తే వాళ్ల మొఖం చూడవలసింది ఊర్లె ఉండే పిల్లగాడు.

ఇగ మన బోర్డు పెట్టుడు. జనగామల వెల్డింగ్ షాపుల రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు ఎత్తు మందపు రేకు కోపిచ్చినం. ఇంకా పెద్దది ఎందుకు వద్దంటే, గాలిని ఎంత పట్టుకుంటే కడీని అంత గుంజుతది. ముందు బెజ్జాలు వేసి, తర్వాత రంగు వేయాలె. రంగు వేసినంక బెజ్జం వేస్తే ఆ అంచు నుంచే తుప్పు మొదలైతది. మొదలు రెడ్ ఆక్సైడ్, అది ఎండినంక ఎనామిల్ రంగు. వెనక దిక్కు గూడ, అంచులకు గూడ వేయాలె. కనబడని దిక్కే ముందు తుప్పు పడుతది.

అక్షరాలకు ఎరుపు వద్దన్న. ఎరుపు మొదట్ల కండ్లకు కొట్టినట్టు ఉంటది గాని, ఎండకు ముందు వెలిసేది అదే. రంగుబట్ట దండెం మీద ఆరేసే ఇంటోళ్లందరికీ తెలుసు ఈ సంగతి. పసుపు మీద నలుపు రాసినం.

రాతి కడీకి బెజ్జం కొట్టొద్దు, పగులుతది. సిమెంటు కడీకి అసలే కొట్టొద్దు. పగుల్లకు నీళ్లు దిగి లోపల ఉండే ఇనుప కమ్మి తుప్పుపట్టి ఉబ్బి, కడీని రెండు చెక్కలు చేస్తది. మేము ఇనుప పట్టీలు నాలుగు తీసుకున్నం, కడీ వెడల్పు కంటే రెండు మూడంగుళాలు ఎక్కువ పొడవు. రెండు పట్టీలు బోర్డు వెనక, పైనొకటి కిందొకటి. వాటికి ఎదురుంగ కడీ అవతల దిక్కు ఇంకో రెండు. రెండు పక్కల పొడవు బోల్టులు వేసి బిగిస్తే కడీ నడుమ చిక్కుతది. పట్టీకి రాయికి నడుమ పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టినం. అది జారనియ్యది, రంగు గీసుకపోనియ్యది. నట్టు బిగించినంక బోల్టు కొనను సుత్తితోని చదును చేసినం, ఎవరూ ఊరికె విప్పుకపోకుండ.

పట్టీలు చేయించే ఓపిక లేనోళ్లు తీగతోని కట్టొచ్చు. కాని సన్న బైండింగ్ వైరు వద్దు, రెండు వానలకు తుప్పు పట్టి తెగుతది. పన్నెండు, పద్నాలుగు గేజీ జీఐ తీగ అడుగుండ్రి. గేజీ లెక్క మన నూలు కౌంటు లెక్కనే. నెంబరు పెరిగితే సన్నం, తగ్గితే మందం. మెలిపెట్టిన కొనలు లోపలికి వంచాలె. లేకుంటే మేకల చెవులకు, ఆడోళ్ల కొంగులకు తగులుతయి.

రెండు కడీల నడుమ ఉత్త తీగలకు బోర్డు వేలాడదీయొద్దు. గాలికి ఊగుకుంట తీగను రాస్తది, తీగ మీది పూత పోయి అక్కడ తుప్పు పడుతది. పడుగు వదులైతే బట్ట ఎట్లయితదో, కంచె అట్లయితది. మూల కడీ అన్నిటి కంటే మంచిది. దానికి ఆసరా కడీ ఉంటది, రెండు తోవల నుంచి కనబడుతది. ఎత్తు మనిషి కంటి సూటిగ ఉండాలె. కిందికి పెడితే వానకాలం గడ్డి మూస్తది, బర్రెలు ఒళ్లు రుద్దుకుంటయి. బతికున్న చెట్టునే కడీ చేసినకాడ మేకు కొట్టొద్దు, తీగ బిగ్గర చుట్టొద్దు. చెట్టు లావైతది, తీగను మింగుతది.

ఏం రాయాలె అన్నకాడ ఇంట్ల జరసేపు మాటలైనయి. చివరికి సర్వే నెంబరు, ఎకరం పది గుంటలు అని విస్తీర్ణం, మా నాయన పేరు, కింద మా అన్నదమ్ముల పేర్లు, 'అమ్మబడదు' అన్న మాట రాసినం. ఫోన్ నెంబరు ఊర్లె పిల్లగానిది పెట్టినం. షోలాపూర్ నెంబరు ఒక్కటే పెడితే, కంచె తెగి పశువులు పడ్డయని చెప్పనీకి వచ్చినోడు ఇంత దూరం ఎందుకని ఊకుంటడు.

నేను సుద్దముక్కతోని అక్షరాలు గీసిన. నా చదువు ఐదో తరగతి, ఈడ తెలుగు బడిలనే. మనుమడు కుంచె పట్టి ఆ గీతల మీద రంగు నింపిండు. వాడు తెలుగు మంచిగ మాట్లాడుతడు, చదవనీకి రాదు. నాలుగు అక్షరాలు నింపినంక ఆగి, "తాతా, గిది మన ఇంటిపేరేనా?" అని అడిగిండు. అవునన్న. మళ్లొకసారి మొదటి నుంచి వేలు పెట్టి చూసుకున్నడు. సాయంత్రానికి మా నాయన పేరు గూడ గుర్తుపట్టిండు. మన ఇండ్లల్ల ఎంతమంది పిల్లలకు ఇంటిపేరు తెలుగుల చదవనీకి వస్తదో ఎవరింట్ల వాళ్లు చూసుకోవాలె.

ఒక్క మాట గట్టిగ చెప్పాలె. బోర్డు పట్టా కాదు. మహారాష్ట్రల సాత్‌బారా, కర్ణాటకల పహణి, తెలంగాణల పట్టాదారు పాస్‌బుక్కు, జాగకు కాయితం అదే. తెలంగాణల 2020ల ధరణి వచ్చింది, 2025ల దాని జాగాల భూభారతి వచ్చింది. మీ పేరు, గుంటల లెక్క సరిగ్గ ఎక్కిందా లేదా తహసీల్దారు ఆఫీసుల అడిగి చూసుకోండ్రి. ఇంకోటి, 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇంకొకరు మన ప్రైవేటు జాగను నాదే అని బాజాప్త పట్టుకొని 12 ఏండ్లు ఉంటే, మనం ఊకుంటే, తర్వాత కోర్టుల దాన్ని తిరిగి అడిగే హక్కు పోవచ్చు. 12 ఏండ్లంటే ఎక్కువ అనిపిస్తది. మిల్లులు మూతబడి ఎన్నేండ్లయిందో ఒకసారి లెక్క పెట్టుకోండ్రి, ఎంత తొందరగ పోతయో తెలుస్తది.

అందుకే బోర్డు కట్టి మరిచిపోవద్దు. ఏటా ఒకరన్న పోయి, కంచె చుట్టూ తిరిగి, హద్దు రాళ్లు ఉన్నచోటనే ఉన్నయా చూసి, తారీఖు పడేటట్టు ఫోటో తీసుకొని రావాలె. పక్క చేను ఆయనతోని ఒక పూట కూర్చొని చాయ తాగి రావాలె. మా చెల్క పక్కన గొర్లు కాసే మామ ఒకాయన ఉన్నడు. "మీ బోర్డు వంగితే నేను చెప్పుత బావా, నీవు రంది పడకు" అన్నడు. ఆయనకు ఒక షోలాపూర్ చద్దరు ఇచ్చి వచ్చిన.

ఈ దసరాకు ఊరికి పోయేటోళ్లు సంచిల ఒక కుంచె, చిన్న డబ్బా నల్ల ఎనామిల్, పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టుకోండ్రి. రేకు, బోల్టులు అక్కడ దొరుకుతయి. చదవరాని పిల్లలుంటే వాళ్లను గూడ తీసుకపోండ్రి, కుంచె వాళ్ల చేతికియ్యుండ్రి.